మూడు బీరువాల మధ్య అమ్మమ్మ

ఈసారి వచ్చిన ఉత్తరం ఏడు పేజీలు, చేత్తో రాసింది. మొత్తం ఇక్కడ పెట్టడం కుదరదు, పెడితే రాసినావిడ ఎవరో చుట్టుపక్కల వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. అందుకని విషయం వరకు నా మాటల్లో చెబుతాను.

ఆవిడకి 41 ఏళ్ళు. కృష్ణా డెల్టాలో కాలవ పక్కనే ఉన్న ఒక ఊళ్ళో, శాఖా గ్రంథాలయంలో అవుట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్నారు. లైబ్రరీ సైన్సు చదివారు. వాళ్ళ తాతయ్య రాదారి పడవకి సరంగు, అంటే చుక్కాని పట్టి పడవ నడిపే మనిషి. బస్సులు ఇంతగా లేని రోజుల్లో జనం ఊరి నుంచి ఊరికి పడవెక్కి వెళ్ళేవారు కదా, ఆ కాలం మాట. తాతయ్యకి అక్షరం రాదు. అమ్మమ్మ మాత్రం వీధిబడి పంతులుగారి కూతురు, చదవడమూ రాయడమూ వచ్చు. పెళ్ళయ్యాక ఆవిడ బతుకు కూడా పడవ మీదే. ఆ పడవలో ఒక కొయ్య పెట్టె నిండా పుస్తకాలుండేవట. ప్రయాణికులకీ, రేవుల్లో అడిగినవాళ్ళకీ అమ్మమ్మ పుస్తకాలిచ్చి, తిరుగు ప్రయాణంలో తీసుకునేదట. ఎవరికి ఏది ఇచ్చిందో రాసుకున్న నోటుబుక్కులు రెండు మిగిలాయి. 1941, 42 నాటిది ఈవిడ అమ్మగారి దగ్గరుంది. 1943, 44 నాటిది మామయ్యగారి ఇంట్లో, ఆ కొయ్య పెట్టెలోనే ఉంది. అమ్మమ్మ 1999లో పోయారు, వీలునామా ఏమీ రాయలేదు. తాతయ్య అంతకు చాలా ముందే పోయారు. వాళ్ళకి ఇద్దరే పిల్లలు, మామయ్యగారూ ఈవిడ అమ్మగారూ.

అమ్మమ్మ మీద ఒక చిన్న పుస్తకం రాస్తానని ఈవిడ అనగానే మామయ్యగారు వద్దన్నారు. "పడవలో పదిమంది మగవాళ్ళ మధ్య కూర్చుని పేర్లు రాసుకునేదని మా అమ్మ గురించి అచ్చేస్తావా" అన్నారు. కావాలంటే నాన్న గురించి రాయి, సరంగుగా ఎంత కష్టపడి మమ్మల్ని పైకి తెచ్చాడో రాయి అన్నారు. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు, ఇప్పుడు మళ్ళీ "పడవోళ్ళు" అనిపించుకోవడం ఎందుకు అని కూడా అన్నారు. ఇంతలో స్థానిక చరిత్ర రాసే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు నోటుబుక్కు చూసి, "ఇది రుజువుగా నిలబడదు, ఏడాదిలో నెలల తరబడి ఖాళీలున్నాయి, గ్రంథాలయోద్యమ చరిత్రలో ఎక్కడా ఈవిడ పేరు లేదు" అన్నారు. అలా అంటూనే, రెండు నోటుబుక్కులూ తనకిస్తే తానే రాస్తాననీ, కృతజ్ఞతల పేజీలో ఈవిడ పేరు వేస్తాననీ అన్నారు. వీటన్నిటికీ తోడు ఈవిడ మనసుని తొలిచేస్తున్నది ఇంకొకటుంది. మామయ్యగారింట్లో తాతయ్య సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు, అందరూ భోజనాల దగ్గరుండగా పెట్టె తెరిచి రెండో నోటుబుక్కు 63 పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీశారు. ఎవరికీ చెప్పలేదు.

"ఆ ఫొటోలు వాడుకోవచ్చా? మామయ్యని కాదని రాస్తే అమ్మకి పుట్టిల్లు లేకుండా పోతుంది. రాయకపోతే అమ్మమ్మ లేకుండా పోతుంది. ఏం చెయ్యమంటారు?" అని ముగించారు.

అమ్మా, ముందు నోటుబుక్కు గురించి మాట్లాడదాం, మనుషుల గురించి తర్వాత. ఎందుకంటే ఆ కాయితాల విలువ మీకే పూర్తిగా తెలిసినట్టు లేదు, అది తెలియకుండా మామయ్యగారితో మాట్లాడినా లెక్చరర్ గారితో మాట్లాడినా మీరు బెదురుతూనే మాట్లాడతారు.

మీరు ఉత్తరంలో నాలుగు చోట్ల "అమ్మమ్మ డైరీ" అని రాశారు. అది డైరీ కాదు. మీరు పంపిన నకలు చూస్తే తేదీ, రేవు పేరు, ఎవరు, ఏ పుస్తకం, తిరిగొచ్చాక కొట్టేసిన గీత. మీరు రోజూ ఉద్యోగంలో చేసే పనే ఇది. ఇష్యూ రిజిస్టరు. డైరీలో మనిషి తనకి తోచింది రాసుకుంటుంది, తర్వాతెప్పుడో గుర్తు చేసుకుని రాయొచ్చు కూడా. రిజిస్టరు అలా కాదు, పుస్తకం చేతులు మారినప్పుడే రాయాలి, లేకపోతే దాన్ని రాయడం వల్ల ఉపయోగమే లేదు. కొట్టేసిన గీత ఒక్కోచోట వేరే సిరాలో ఉందని మీరే గమనించి రాశారు. ఇచ్చిన రోజు ఒక సిరా, తీసుకున్న రోజు ఇంకో సిరా అన్నమాట. తర్వాత కూర్చుని కల్పించినవాళ్ళు ఇంత తంటా పడరు.

ఇక ఆ ఖాళీలు. లెక్చరర్ గారు దాన్ని లోపంగా చూశారు, మీరూ అది విని టెన్షన్ పడ్డారు. మీరు రాసిన తేదీలు నేను ఒక కాయితం మీద వరసగా పెట్టుకుని చూశాను. 1941లో ఏప్రిల్ మొదటి వారం తర్వాత ఏమీ లేదు, మళ్ళీ జూన్‌లో మొదలు. 1942లోనూ దాదాపు అంతే. కాలవ పక్కన పుట్టిన మీకు నేను చెప్పాలా? వేసవిలో కాలవలు కట్టేస్తారు. పూడిక తియ్యడానికీ గట్లూ లాకులూ మరమ్మతు చెయ్యడానికీ నీళ్ళు ఆపేస్తారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. నీళ్ళు లేనప్పుడు పడవ ఎలా నడుస్తుంది? పడవ నడవకపోతే పుస్తకం ఎవరికిస్తుంది? ఇంట్లో కూర్చుని ఊహించి రాసిన నోటుబుక్కయితే వేసవిలో కూడా పేర్లుండేవి. ఆ ఖాళీలే మీ నోటుబుక్కు నీళ్ళ మీద రాసిందని చెబుతున్నాయి. రెండో నోటుబుక్కులో కూడా అవే నెలలు ఖాళీగా ఉంటే ఇక ఎవరూ దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేరు.

ఇంకో సంగతి. రేవుల పేర్ల పక్కన చాలాచోట్ల "లాకుల దగ్గర" అని ఉందన్నారు. ఇది తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను, కాలవలో ఎగువ నీళ్ళ మట్టం, దిగువ మట్టం ఒకటిగా ఉండవు. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి మారాలంటే లాకులోకి వెళ్ళాలి, వెనక తలుపులు మూయాలి, నీళ్ళు నింపడమో వదలడమో చెయ్యాలి, మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తీయాలి. ముందర నాలుగు పడవలుంటే అంతసేపూ ఆగాల్సిందే. ఆ ఆగిన సమయంలోనే గట్టు మీది ఆడవాళ్ళు వచ్చి మీ అమ్మమ్మ దగ్గర పుస్తకం తీసుకునేవాళ్ళనుకుంటాను. "అనుకుంటాను" అని ఎందుకంటున్నానంటే అది నా ఊహ, మీరు లెక్కపెట్టి చూడాలి. మొత్తం ఎంట్రీల్లో లాకుల దగ్గరివి ఎన్ని, దారిలో రేవుల దగ్గరివి ఎన్ని, ప్రయాణికులవి ఎన్ని. మీ పుస్తకానికి మొదటి అధ్యాయం ఆ లెక్కే అవుతుంది.

మరి ఇంత పని చేసిన మనిషి పేరు ఎక్కడా ఎందుకు లేదు? మీరు లైబ్రేరియన్ కాబట్టి మీ భాషలోనే చెబుతాను. మీ అమ్మమ్మ మీద రేపు పుస్తకం వస్తే ఏ నంబరు వేస్తారు? విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో గ్రంథాలయాల చరిత్ర 027 దగ్గర, స్త్రీల గురించిన పుస్తకాలు 305.4 దగ్గర, కాలవల మీద రవాణా 386 దగ్గర. ఒక పుస్తకానికి ఒకటే చోటు. ఈ మూడు బీరువాలకీ వెళ్ళి చూడండి. గ్రంథాలయాల బీరువాలో స్థాపించినవాళ్ళుంటారు, సభలు పెట్టినవాళ్ళుంటారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, 1914లో బెజవాడలో జరిగిన మొదటి గ్రంథాలయ మహాసభ. వాళ్ళ కష్టం చిన్నది కాదు, మీ ఉద్యోగం, నా ఉద్యోగం వాళ్ళ పుణ్యమే. స్త్రీల బీరువాలో కవయిత్రులు, సంఘసంస్కర్తలు, జైలుకెళ్ళినవాళ్ళు. కాలవల బీరువాలో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట, కాటన్ దొర, ఎన్ని మైళ్ళ కాలవ, ఎన్ని ఎకరాల సాగు. ఆ కాలవ మీద పడవలో కాపురముండి పుస్తకాలు పంచిన ఒక సరంగు భార్య ఈ మూడింటికీ కొంచెం కొంచెం చెందుతుంది, అందుకే మూడింట్లోంచీ జారిపోయింది.

ఆడవాళ్ళ పేర్లు ఇలా జారిపోవడం, ఎవరో ఒకరు పూనుకుని మళ్ళీ వెతికి తేవడం మనకి కొత్త కాదు. భండారు అచ్చమాంబ గారికి ఆరేళ్ళకే పెళ్ళయింది, బడికెళ్ళి చదువుకోలేదు. 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల" వేశారు, మన దేశపు చరిత్రలోని స్త్రీల జీవితాలన్నీ ఏరి కూర్చి. 30 ఏళ్ళకే, 1905లో పోయారు. అదే 1901లో ఆవిడ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులతో కలిసి హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టారు. తమ్ముడి పేరు గ్రంథాలయాల బీరువాలో, అక్క పేరు స్త్రీల బీరువాలో. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ గారు 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని మళ్ళీ అచ్చు వేయించారు. అంతకుముందు వచ్చిన అచ్చులో కవయిత్రి తన గురించి తాను చెప్పుకున్న భాగమే లేదు, వ్రాతప్రతి సంపాదించి చూస్తే ఉంది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది, 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. ఇవి మీకు ధైర్యం చెప్పడానికి ఏకరువు పెట్టడం లేదు. ఈ ఇద్దరూ వట్టి కోపంతో రాయలేదు, ముందు కాయితం సంపాదించారు, సరిచూశారు, ఆ తర్వాత అచ్చుకి వెళ్ళారు. మీ దగ్గర కూడా కాయితం ఉంది.

ఒక్కచోట మాత్రం మిమ్మల్ని ఆపాలి. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద నడిపిన పడవ గ్రంథాలయం గురించి రాసి, "మా అమ్మమ్మ ఆ గ్రంథాలయంలోనే పనిచేసి ఉండాలి" అన్నారు. ఉండాలి అనే మాట వద్దు. మీ తాతయ్య పడవ తిరిగిన కాలవ వేరు, నోటుబుక్కు ఆరేళ్ళ తర్వాతది. దగ్గరలోని ఏదో ఊరి గ్రంథాలయం ఆ పద్ధతి చూసి తానూ ఒక పెట్టె పడవలో పెట్టి ఉండొచ్చు, లేదా వీధిబడి పంతులుగారే కూతురికి ఇచ్చి పంపి ఉండొచ్చు. పెట్టె మీద, పుస్తకాల లోపల ఏదైనా ముద్ర ఉందా చూడండి. ఆ ముద్ర దొరికితే కథ ఒక దారిన వెళుతుంది, దొరక్కపోతే ఇంకో దారిన. రెండూ రాయదగ్గవే. మీ అమ్మమ్మని పెద్ద చెయ్యడానికి పేరున్న ఉద్యమానికి తగిలించనక్కర్లేదు. తొందరపడి తగిలిస్తే, అది తప్పని ఎవరైనా చూపించిన రోజున నోటుబుక్కు మొత్తాన్నీ అనుమానిస్తారు.

ఇప్పుడు మామయ్యగారు.

ఆయన చెప్పిన మాటల్లో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయాయి, మీరు మూడింటికీ కలిపి ఒకేసారి బాధపడుతున్నారు. తల్లి పరువు ఒకటి. తండ్రికి దక్కాల్సిన గౌరవం తల్లికి పోతుందేమోనన్నది రెండోది. పడవోళ్ళు అనే మాట మూడోది. నా మటుకు నాకు, అసలు నొప్పి మూడోదానిలో ఉందనిపిస్తోంది. ఆయన 79 ఏళ్ళ మనిషి, ఆ మాట బడిలో పడ్డవాడు. మీకు అది చరిత్ర, ఆయనకి అది ఇంకా మానని దెబ్బ. అందుకే "మామయ్యా, మీకు ఆడవాళ్ళంటే చిన్నచూపు" అని వాదనకి దిగితే మీరు తప్పు తలుపు తట్టినట్టవుతుంది. చిన్నప్పుడు పడవ మీద ఆయన ఏం చూశాడో, తాడు పట్టుకుని గట్టు మీద నడిచాడా, గెడ వేశాడా, లాకుల దగ్గర ఎవరేమన్నారో అడగండి. ఆయన మాటలు రాసుకోండి. తాతయ్య లేకుండా అమ్మమ్మ కథ ఎలాగూ లేదు. చుక్కాని పట్టింది ఆయన, పెట్టెకి చోటిచ్చింది ఆయన, అక్షరం రాని మనిషి భార్య చదువుని తన పడవలో పదిమందికీ పనికొచ్చేలా చెయ్యనిచ్చాడు. ఇది తాతయ్యని తక్కువ చేసే కథ కాదు, ఆ మాట మామయ్యగారికి మీ నోటి నుంచి వినపడాలి.

ఆయన అభ్యంతరంలో నిజమైన న్యాయం ఒకటుంది, ఆయన చెప్పిన కారణానికి కాకపోయినా. ఎవరు ఏ పుస్తకం చదివారన్నది బయట పెట్టకూడదని మన వృత్తిలో నేర్చుకున్నాం. 80 ఏళ్ళు దాటాయి, ఆ మనుషులు దాదాపు ఎవరూ లేరు, కానీ వాళ్ళ మనవలు అవే ఊళ్ళలో ఉన్నారు. మీరు రాసిన ఒక ఎంట్రీ చదివి నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. "మునసబు గారి రెండో కోడలు", పుస్తకం పేరు, తిరిగొచ్చినట్టు గీత లేదు, పక్కన చిన్న అక్షరాలతో "అడగవద్దు". ఎందుకు అడగొద్దనుకుందో మనకి తెలియదు. ఇంట్లో తెలిసిపోయిందా, పుస్తకం చించేశారా, ఆ పిల్ల మళ్ళీ రేవుకే రాలేదా. దాన్ని మీరు కథగా అల్లి రాయొద్దు, ఉన్నది ఉన్నట్టు పెట్టండి, ఊరి పేరు తీసేసి. చదివేవాళ్ళకి తెలుస్తుంది. రాకపోయిన పుస్తకాన్ని మనం రిజిస్టర్లో కొట్టేస్తాం కదా, మీ అమ్మమ్మ 1942లో ఒక ఆడపిల్ల కోసం ఆ పని చేసింది. మొత్తం నోటుబుక్కులో ఆడవాళ్ళెవరికీ సొంత పేరు లేదు, ఫలానా వారి కోడలు, ఫలానా వారి చెల్లెలు అని తప్ప. ఆ నోటుబుక్కు రాసినావిడ పేరు కూడా అట్ట మీద లేదు, తాతయ్య పేరే ఉంది. పుస్తకంలో మీరు చెప్పాల్సిన పెద్ద సంగతుల్లో ఇదొకటి.

ఫొటోల సంగతి. చట్టం ప్రకారం చూస్తే, వీలునామా లేకుండా పోయిన తల్లి ఆస్తిలో కొడుక్కీ కూతురికీ సమాన హక్కు ఉంటుంది, హిందూ వారసత్వ చట్టం 1956 నుంచీ ఉన్న మాటే. అచ్చుకాని రాతల మీద కాపీరైటు కూడా వారసులదే, పెట్టె ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళొక్కరిదే కాదు. అంటే మీ అమ్మగారు పరాయివారు కారు. జరిగిన విషయాలకి, తేదీలకి, లెక్కలకి కాపీరైటు ఉండదు, అమ్మమ్మ సొంత వాక్యాలు అచ్చెయ్యాలంటే మాత్రం ఇద్దరు వారసులూ సరేననాలి. ఇదంతా తెలిసి ఉండటం మంచిదే, కానీ మామయ్యగారి ముందు సెక్షన్లు తియ్యకండి. చట్టం మీ వైపు ఎంతున్నా, అందరూ భోజనం చేస్తుండగా పెట్టె తెరిచారన్న మాట మిగిలే ఉంటుంది. ఆ ఫొటోలు చెరిపెయ్యమని నేను చెప్పను, ఆ ఇంట్లో చెదలు పట్టినా, వాన కారినా ఇక మిగిలేవి అవే. కానీ చెప్పకుండా వాడితే పుస్తకం వచ్చిన రోజున ఆయనకి బయటివాళ్ళ ద్వారా తెలుస్తుంది. అప్పుడు కోపం మీ మీద కాదు, మీ అమ్మగారి మీద పడుతుంది, "నీ కూతురికి నువ్వే చెప్పి చేయించావు" అని.

అందుకని మీ ముందున్న దారులు నాకు కనపడినంత వరకు చెబుతాను.

మామయ్యగారి దగ్గరికి వెళ్ళి ఫొటోలు తీశానని ఒప్పుకుని, ఆయన్ని కూడా పుస్తకంలోకి పిలవడం ఒక దారి. కోప్పడతారు. కొన్ని నెలలు మాట్లాడకపోవచ్చు. నోటుబుక్కు దాచెయ్యొచ్చు కూడా, ఆ ప్రమాదం లేదని నేననను. కానీ మీ దగ్గర ఫొటోలున్నాయి కాబట్టి అందులో ఉన్నది మాత్రం పోదు, ఆయన మనసు మెత్తబడితే ఆయన జ్ఞాపకాలు వస్తాయి, అవి ఏ పెట్టెలోనూ లేవు. ఆయన వయసు గుర్తుపెట్టుకోండి. నేనైతే ఇటే వెళతాను.

రెండో నోటుబుక్కు ఊసెత్తకుండా, అమ్మగారి దగ్గరున్న దాంతోనూ అమ్మగారి మాటలతోనూ చిన్నగా రాయడం ఇంకో దారి. ఒక వ్యాసం, పాతిక పేజీలు. గొడవ తక్కువ. కానీ మీకు రెండో దాంట్లో ఏముందో తెలుసు, తెలిసీ తెలియనట్టు రాయాలి. వేసవి ఖాళీల గురించి రెండేళ్ళ ఆధారంతోనే చెప్పగలుగుతారు. అది ఎంతకాలం ఓర్చుకోగలరో మీరే చూసుకోవాలి. మామయ్యగారు ఆ వ్యాసం చదివి, ఇందులో మేము సిగ్గుపడేదేమీ లేదే అనుకుని ఆయనే పెట్టె తెరిచే అవకాశమూ ఉంది, ఇళ్ళల్లో అలా జరగడం చూశాను.

ఇప్పుడేమీ అచ్చెయ్యకుండా, నకళ్ళు తీసి, వివరాలు రాసి భద్రపరిచి ఊరుకోవడం మూడోది. దీన్ని పిరికితనమని అనుకోకండి. మీ అమ్మగారికి తమ్ముడూ చెల్లెలూ ఇంకెవరూ లేరు, ఆ అన్నగారి గడపే ఆవిడకి పుట్టిల్లు, 72 ఏళ్ళ వయసులో అది మూసుకుపోతే ఎలా ఉంటుందో ఆవిడ చెప్పాలి గానీ మీరో నేనో చెప్పలేం. ఆవిడ తరఫున మీరు భయపడుతున్నారు, ఉత్తరం మొత్తంలో ఆవిడ ఏమన్నారో మాత్రం ఒక్క వాక్యం లేదు. అడిగారా? ఆగితే పోయేది కాలం. జ్ఞాపకం ఉన్న ఇద్దరూ పెద్దవాళ్ళు.

లెక్చరర్ గారి విషయంలో నాకు ఇంత తటపటాయింపు లేదు. రుజువు కాదన్న కాయితాలనే ఆయన తనకివ్వమన్నారు, ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన చెడ్డవారని కాదు, స్థానిక చరిత్ర తెలిసినవారి సాయం మీకు కావాలి కూడా, ఊళ్ళ పాత పేర్లు, అప్పటి గ్రంథాలయాలు ఆయనకి తెలిసి ఉంటాయి. అసలు నోటుబుక్కులు మాత్రం ఇంటి గడప దాటనివ్వకండి, నకళ్ళు ఇవ్వండి. కలిసి రాద్దామంటే రెండు పేర్లూ అట్ట మీద ఉండాలని ముందే కాయితం మీద రాసుకోండి. కాపీరైటు చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం రాసినవారికి తమ పేరు తమ రచన మీద ఉండాలని అడిగే హక్కుంది, కానీ మొత్తం ఆయనే రాస్తే ఆ హక్కు ఆయనదే అవుతుంది, మీకు మిగిలేది కృతజ్ఞతల పేజీలో ఒక వరస. ముందుమాట మాత్రమే రాయమని అడగడం ఇంకో పద్ధతి. ఆయన నొచ్చుకోవచ్చు, మీ గ్రంథాలయానికి వచ్చి వెళ్ళే మనిషి కాబట్టి ఉద్యోగంలో కాస్త ఇబ్బందీ ఉండొచ్చు, పర్మనెంటు కాని ఉద్యోగమని మీ భయం నాకు అర్థమవుతోంది. అందుకే ఉత్తరంతో కాకుండా ఎదురుగా, మర్యాదగా చెప్పండి. భర్త పేరున్న అట్ట లోపల అక్షరాలు రాసిన మనిషి గురించి రాస్తూ, ఇంకొకరి పేరున్న అట్ట లోపల మీరు ఉండిపోవడం నాకు నచ్చలేదు. దాచకుండా చెబుతున్నాను.

ఏ దారిన వెళ్ళినా ఒక పని ఈ నెలలోనే చెయ్యండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గ్రంథాలయంలో స్వాతంత్ర్యానికి ముందునాటి ఇష్యూ రిజిస్టర్లు గుట్టగా ఉండేవి. సెలవు మీద వెళ్ళి వచ్చేసరికి గది శుభ్రం చెయ్యాలని పాత కాయితాలవాడికి తూకానికి వేసేశారు. అందులో ఎవరి అమ్మమ్మలున్నారో ఇక ఎవరికీ తెలియదు. అందుకే అంటున్నాను. అమ్మగారి దగ్గరున్న నోటుబుక్కుని పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఖాళీ పేజీలూ అట్టా కూడా వదలకుండా ఫొటో తీయండి. పేజీ నంబర్లు పెన్సిల్‌తో మూలన వెయ్యండి. చిరిగినచోట సెలోటేపు వెయ్యకండి, లామినేషన్ అసలే వద్దు. 1977 ఉప్పెనలో తడిసిన మరకలున్నాయన్నారు, అంటుకున్న పేజీలని బలవంతంగా విడదీయకండి. ఫొటోలు మూడు చోట్ల పెట్టండి, ఒక చోటు మీ ఇంటి బయట ఉండాలి.

మాటలు రికార్డు చెయ్యడానికి మీకు ఒక నమూనా కావాలంటే, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలని స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది, మీ గ్రంథాలయంలో ఉంటే తీసి చూడండి. వాళ్ళు మాట్లాడినట్టే రాశారు, యాసని సరిదిద్దలేదు. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలున్నాయి, 1918 నుంచీ ఉన్న గ్రంథాలయం అది, ఒకటి రెండు రోజులు సెలవు పెట్టుకుని వెళితే 1940ల పత్రికల్లో మీ కాలవ మీది ఊళ్ళ గ్రంథాలయాల వార్తలు వెతకొచ్చు. పుస్తకమంటూ వస్తే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే నంబరు, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. 1954 చట్టం ప్రకారం కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమరాకి, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకి కాపీలు పంపాలి, మర్చిపోకండి. ఏ బీరువాలో పెట్టాలో వాళ్ళు తేల్చుకుంటారు, కేటలాగులో మాత్రం మూడు విషయాల కిందా పేరు ఎక్కుతుంది.

ముందు మీ అమ్మగారి దగ్గర కూర్చోండి. రాయాలా వద్దా అని మొదలుపెట్టకండి. కాలవ కట్టేసిన ఆ నెలల్లో పడవ ఎక్కడ కట్టేవారు, వాళ్ళు ఎక్కడ ఉండేవారు, ఆ పుస్తకాల పెట్టె ఎక్కడ పెట్టేవారు, అప్పుడు అమ్మమ్మ ఏం చదివేదని విన్నారు, ఇవి అడగండి. ఆ రెండు నెలల గురించి నోటుబుక్కులో ఒక్క అక్షరం లేదు. తెలిసినవాళ్ళు ఇద్దరే ఉన్నారు, రెండో ఆయనకి ఫోన్ చేసి అడుగుదామని ఆవిడే అనొచ్చు.